పాట మధ్యలో మాటలు చెప్పే చోట తాళం తప్పుతోంది, ఎవరైనా చెప్పరా?

డల్లాస్‌లో ఉంటానండి. మా ఆఫీసులో ఒక టెక్సాస్ పెద్దాయన వచ్చే నెల రిటైర్ అవుతున్నారు. ఆయనకు ప్రాణమైన పాట, అమెరికా పల్లె బాణీ 'కంట్రీ' సంగీతం పాడే జార్జ్ జోన్స్ 1980లో విడుదల చేసిన 'హీ స్టాప్డ్ లవింగ్ హర్ టుడే', నన్ను పాడమన్నారు. చచ్చేదాకా ఒక్కర్తినే ప్రేమించినవాడి కథ. వీడ్కోలు పార్టీలో అదేం పాట అనకండి, ఆయన ముచ్చట.

చరణాలు ఫర్వాలేదు. తర్వాత పాడటం ఆపి కొన్ని వాక్యాలు మామూలుగా మాట్లాడతారు, వెనక ఒక ఆడగొంతు సన్నగా రాగం తీస్తుంటుంది. అక్కడే టెన్షన్. నెమ్మదిగా చెబితే నాటకం డైలాగులా ఉంటోంది. తొందరపడితే మాటలు ముందే అయిపోయి, గిటార్ ఎప్పుడు అందుకుంటుందా అని బిక్కమొహం వేసుకుని నిలబడుతున్నాను.

జోన్స్‌కీ ఆ ముక్క తేలిగ్గా లొంగలేదట. తాగుడు వల్ల మాట ముద్దగా వచ్చేది, రికార్డింగు నెలల తరబడి సాగింది. ఇంత ఏడుపు పాట ఎవరు కొంటారని ఆయన బెంగ. నిర్మాత బిల్లీ షెరిల్ పట్టు వదల్లేదు. చివరికి బిల్‌బోర్డ్ పత్రిక కంట్రీ పాటల చార్టులో నంబర్ వన్, పైన గ్రామీ!

హరికథ, బుర్రకథ చెప్పినవాళ్లు ఇక్కడ ఉంటే ఒక్క మాట: పాట నుంచి వచనంలోకి దిగేటప్పుడు లోపల తాళం లెక్కపెడతారా, వాద్యం వింటూ పోతారా? మళ్లీ పల్లవి ఎత్తుకునే ముందు ఊపిరి ఎక్కడ తీసుకోవాలి?