చర్చ: ఇంటి అవసరాలకు చేసిన చిన్న అమెరికన్ కార్లు డ్రాగ్ స్ట్రిప్ దాకా ఎలా వచ్చాయి?

కాంటన్_కిరణ్:
అందరికీ నమస్కారం. పన్నెండేళ్లుగా మిషిగన్‌లో ఉంటున్నాను. మా టీమ్‌లో పెద్దాయన ఒకరు పోయిన వేసవిలో నన్ను మిలాన్ డ్రాగ్‌వేకి తీసుకెళ్లారు. డ్రాగ్ రేస్ అంటే రెండు బళ్లు పక్కపక్కన నిలబడి తిన్నగా పావు మైలు పరిగెత్తే పోటీ. అప్పటిదాకా అందులో ఉండేవి రాకెట్ లాంటి సన్నటి బళ్లే అనుకునేవాణ్ణి. అక్కడికి షెవర్లే కంపెనీ 1966 చెవీ టూ నోవా ఒకటి వచ్చింది. చూడటానికి అగ్గిపెట్టెలా ఉంది. పచ్చ లైటు వెలగగానే ముందు చక్రాలు రెండూ నేల వదిలేశాయి. ఆ చప్పుడు చెవులకి కాదు, పక్కటెముకలకి తగిలింది. పెద్దాయన నా భుజం మీద చెయ్యేసి, "మా అమ్మ సరుకులకి వెళ్లింది ఇదే కార్లో" అన్నారు.

అప్పటి నుంచి నాకు అదే ధ్యాస. పొదుపు కోసం చేసిన ఈ కార్లని రేసులకి ఎందుకు ఎంచుకున్నారు? చూసినవాళ్లు, నడిపినవాళ్లు, సొంతంగా ఉన్నవాళ్లు చెప్పండి.

లీఫ్‌స్ప్రింగ్:
కిరణ్ గారూ, మంచి చర్చ మొదలుపెట్టారు. నేను ఒహాయోలో ఉంటాను, పదిహేనేళ్లుగా ఇదే పిచ్చి.

1950ల చివర అమెరికాలో ఒకవైపు ఫోక్స్‌వాగన్, ఇంకోవైపు రాంబ్లర్ చిన్న కార్లు బాగా అమ్ముడుపోతున్నాయి. పెద్ద కంపెనీలు మూడూ మేలుకుని 1960 మోడల్‌గా చిన్న కార్లు, అంటే కాంపాక్ట్‌లు, దించాయి: ఫోర్డ్ ఫాల్కన్, షెవర్లే కోర్వేర్, క్రైస్లర్ వారి వేలియంట్. ఫాల్కన్‌లో 144 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజన్, 90 హార్స్‌పవర్. దాంతో రేసు గెలవడం కల్ల. కానీ బండి బరువు చూడండి. అదే కంపెనీ పెద్ద కారు కంటే వెయ్యి పౌండ్లకు పైగా తేలిక!

మీ ప్రశ్నకి జవాబు ఆ వెయ్యి పౌండ్లే. పావు మైలు అంటే 1,320 అడుగులు. నిలబడ్డ చోటు నుంచి బండిని కదిలించి అంత దూరం లాగాలి. ఇంజన్ పెంచితే డబ్బు అవుతుంది. బరువు తగ్గితే ఆ లాభం ఊరికే వచ్చినట్టే. కుర్రాళ్లకి ఇది వెంటనే అర్థమైంది, కంపెనీలు తర్వాత అందుకున్నాయి.

మీరు చూసిన నోవాకి వస్తే, చెవీ టూ 1962లో వచ్చింది. ఫ్యాక్టరీ నుంచి వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజన్, వచ్చింది మాత్రం 1964లో. 1966లో ఎల్79 అనే 327 క్యూబిక్ అంగుళాల ఇంజన్ ఇచ్చారు, 350 హార్స్‌పవర్. ఆ ఏడాది బిల్ జెంకిన్స్ అనే రేసర్ అదే ఇంజన్ ఉన్న చెవీ టూతో, హెమీ అనే 426 క్యూబిక్ అంగుళాల పెద్ద ఇంజన్ ఉన్న క్రైస్లర్ వారి ప్లిమత్‌లకి ఎదురు నిలబడ్డారు. వంద క్యూబిక్ అంగుళాలు తక్కువ ఉన్న ఇంజన్‌తో! ఆయన కారు పేరు గ్రంపీస్ టాయ్.

కూకట్‌పల్లి_క్లచ్:
అన్నా, చిన్న డౌట్. ఫొటోల్లో ఆ ఫాల్కన్ చిన్న కారులా లేదే? ఎందుకు కాంపాక్ట్ అంటున్నారు?

లీఫ్‌స్ప్రింగ్:
నిజమే తమ్ముడూ. ఫాల్కన్ పొడవు దాదాపు 4.6 మీటర్లు. మన అంబాసిడర్ 4.3 మీటర్లు ఉండేది. అంటే అమెరికా వాళ్ల చిన్న కారు మన పెద్ద కారు కంటే జానెడు పైనే పొడుగు. అప్పటి వాళ్ల మామూలు కార్ల పక్కన పెడితేనే అది చిన్నది.

ఎడిసన్_పాతఇనుము:
1960 నుంచి మొదలుపెడితే సగం కథ పోతుంది. అంతకు ముందే విల్లీస్ ఉంది.

జీప్ చేసిన కంపెనీయే విల్లీస్. 1933 నుంచి యుద్ధం ముందు దాకా నాలుగు సిలిండర్ల చవక కార్లు చేసింది. పేదవాడి కారు అనే పేరు. 1950లలో అవి పాత సామాన్ల యార్డుల్లో పడి ఉండేవి. కుర్రాళ్లు తెచ్చి, ఆ నాలుగు సిలిండర్లు పీకేసి, సూపర్‌చార్జర్ (ఇంజన్‌లోకి గాలిని ఎక్కువగా నెట్టే పంపు) పెట్టిన పెద్ద వీ8 దించారు. కైజర్ కంపెనీ హెన్రీ జే అని 1951 మోడల్‌గా ఇంకో చవక కారు తెచ్చింది, 100 అంగుళాల వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం). సియర్స్ స్టోర్లు దాన్నే ఆల్‌స్టేట్ అనే పేరుతో కొన్నాళ్లు అమ్మాయి. అదీ ఈ దారిలోకే వచ్చింది.

వీటిని గ్యాసర్లు అంటారు. నైట్రో లాంటి ప్రత్యేక ఇంధనాలు కాకుండా మామూలు పెట్రోలుతో పరిగెత్తే క్లాసు కాబట్టి ఆ పేరు. బండి బరువుని ఇంజన్ క్యూబిక్ అంగుళాలతో భాగిస్తే వచ్చే లెక్కని బట్టి ఏ క్లాసో తేల్చేవారు. చాలామంది ముందు భాగాన్ని ఎత్తుగా, ముక్కు ఆకాశానికి పెట్టినట్టు కట్టేవారు. బయల్దేరేటప్పుడు బరువంతా వెనక్కి వెళ్లి వెనక టైర్లు నేలని పట్టుకోవాలని.

స్టోన్, వుడ్స్ అండ్ కుక్ వాళ్ల విల్లీస్‌ని ఇక్కడి పాతతరం ఇంకా తలుచుకుంటుంది. ఫ్రెడ్ స్టోన్, టిమ్ వుడ్స్ నల్లజాతి యజమానులు, డ్రైవర్ డగ్ కుక్ తెల్లాయన. 1960ల తొలినాళ్ల అమెరికాలో అలాంటి టీమ్ దేశమంతా తిరిగి గెలవడం మాటలు కాదు. బిగ్ జాన్ మజ్మానియన్ ఎర్ర విల్లీస్‌తో వాళ్లకి ఉన్న పోటీ రేసు పత్రికల్లో ప్రకటనల దాకా వెళ్లింది.

మాకు ఎడిసన్ నుంచి ఇంగ్లిష్‌టౌన్ రేస్‌వే పార్క్ దగ్గరే. 2018 జనవరిలో అక్కడ డ్రాగ్ రేసులు ఆపేశారు. అంతకు ముందు ఏడెనిమిది వేసవులు మా అబ్బాయిని భుజాల మీద ఎక్కించుకుని తిప్పాను. ఇప్పుడు ఆ దారిన పోతుంటే వాడే అడుగుతాడు, "ఇవాళ చప్పుడు లేదేంటి నాన్నా" అని. నాకు గొంతు పట్టేస్తుంది.

డాలస్_దుర్గ:
అందరికీ నమస్తే. మేం ఎన్నిస్‌లో ఉన్న టెక్సస్ మోటర్‌ప్లెక్స్‌కి వెళ్తుంటాం. మా ఆయనకి నైట్రో బళ్లు ఇష్టం, నాకు పాత కార్లే ఇష్టం. ఒక ప్రశ్న. ఫన్నీ కార్ అనే పేరు కూడా ఈ చిన్న కార్ల వల్లే వచ్చిందా?

లీఫ్‌స్ప్రింగ్:
దుర్గ గారూ, పేరు వేరే దారిన వచ్చింది, రూపం మాత్రం ఒక కాంపాక్ట్ పేరుతోనే స్థిరపడింది.

1965లో క్రైస్లర్ వాళ్లు డాడ్జ్, ప్లిమత్ రేసు కార్లలో వెనక ఇరుసుని 15 అంగుళాలు, ముందు చక్రాలని 10 అంగుళాలు ముందుకి జరిపారు. వెనక చక్రాల మీద బరువు పడాలని. చక్రాలు ఉండాల్సిన చోట లేక చూడటానికి వింతగా ఉండేవి. అందుకే "ఫన్నీ" అన్నారు. అవి మధ్యరకం కార్లు.

మెర్క్యురీ కామెట్ కథ ఇంకోటి. అది ఫాల్కన్‌కి వరసకి అక్క. 1964లో దాన్లో 427 ఇంజన్ దించారు. రానీ సాక్స్, "డైనో" డాన్ నికల్సన్ దాంతో పేరు తెచ్చుకున్నారు. నికల్సన్ మొదట నడిపింది స్టేషన్ వాగన్! వెనక అంత డబ్బా ఉంటే టైర్ల మీద బరువు పడుతుంది కదా. అదే ఏడాది జాక్ క్రిస్మన్ సూపర్‌చార్జర్, నైట్రో పెట్టిన కామెట్ తెచ్చారు. 1966కి లాగీ అన్నదమ్ములు పైపులతో చాసీ కట్టి, దాని మీద కామెట్ రూపంలో ఫైబర్‌గ్లాస్ బాడీని తొడిగారు. ఆ ఏడాదికి కామెట్ మధ్యరకం కారైపోయింది, పేరు మాత్రం అదే. బాడీ మొత్తం వెనక వైపు కీలు మీద, పెట్టె మూతలా ముందు నుంచి పైకి లేస్తుంది. మీరు ఎన్నిస్‌లో చూసే ఫన్నీ కార్లన్నీ ఇవాళ్టికీ అలాగే మూత ఎత్తుతాయి.

గుంటూరు_గ్యారేజ్:
నాకు తెలిసినవాటిలో రాజు 1968 డాడ్జ్ హెమీ డార్ట్. క్రైస్లర్ షోరూముల్లో అందరికీ అమ్మిన కారు అది, రోడ్డు మీద కూడా తిరిగేది.

ఎడిసన్_పాతఇనుము:
గుంటూరు గారూ, రాజు అన్నమాట ఒప్పుకుంటా. మిగతాది సరిచేయాలి. అది రోడ్డు కోసం అమ్మిన కారు కాదు. డార్టులు, ప్లిమత్ బారకూడాలు కలిపి నూట యాభై దాకా కట్టారు. డెట్రాయిట్ దగ్గర హర్స్ట్ కంపెనీ వాళ్లకి పని అప్పగించారు. ముందు ఫెండర్లు, బానెట్ ఫైబర్‌గ్లాస్. తలుపుల రేకు యాసిడ్‌లో ముంచి పల్చన చేసింది. వెనక సీటు లేదు. ముందు సీట్లు వ్యాన్ నుంచి తెచ్చినవి. బ్యాటరీ డిక్కీలో. కిటికీలకి పల్చటి అద్దం, తిప్పడానికి హ్యాండిల్ లేదు, పటకా పట్టుకుని లాగాలి. రంగు కూడా వేయకుండా ప్రైమర్ మీదే ఇచ్చేవారు. వారంటీ లేదు, రోడ్డు మీద వాడటానికి కాదు అని చెప్పే అమ్మారు.

నేను ఒకసారి ఇండియానాపొలిస్‌లో అలాంటి కారు తలుపు వేసి చూశాను, యజమాని ఒప్పుకుంటేనే. మన ఇంట్లో నూనె డబ్బా మూత వేసినట్టు "టక్" అంది, అంతే. ఆ కార్లకి అక్కడ హెమీ చాలెంజ్ అని ప్రత్యేకంగా పోటీ పెట్టారు. పావు మైలు ఎనిమిది సెకన్లలో దాటేస్తాయి.

గుంటూరు_గ్యారేజ్:
థాంక్యూ సార్. తెలియక రాశాను. ఆ పటకా సంగతి మాత్రం మర్చిపోలేను.

వేలియంట్_వేణు:
నాకు సొంతంగా 1964 వేలియంట్ ఉంది, నార్త్ కరోలినాలో. స్లాంట్ సిక్స్ ఇంజన్, అంటే 30 డిగ్రీలు పక్కకి వాలి కూర్చుంటుంది. దీన్ని తక్కువ చేయకండి. 1960 జనవరిలో డేటోనాలో కాంపాక్ట్ కార్ల రేసు పెడితే హైపర్ ప్యాక్ అనే బలం పెంచే సామాను ఉన్న వేలియంట్లు మొదటి ఏడు స్థానాలూ పట్టుకుపోయాయి.

నా కారు ఆటోమేటిక్. గేరు కర్ర లేదు, స్టీరింగుకి ఎడమవైపు డ్యాష్‌బోర్డు మీద బటన్లు. రేసులో బ్రేకు మీద ఒక కాలు పెట్టి, 1 అనే బటన్ నొక్కి ఉంచుతాను. పసుపు లైట్లు దిగుతుంటే బ్రేకు వదలాలి, చూపు రోడ్డు మీదే ఉండాలి, ఎడమ చేతి బొటనవేలు 2 బటన్‌ని తడుముకుంటూ వెతుక్కోవాలి. మొదటిరోజు చేతికి చెమట పట్టి వేలు జారి న్యూట్రల్ నొక్కాను. ఇంజన్ అరిచింది, బండి ఆగింది.

నా టైము 17.6 సెకన్లు. నవ్వకండి, నేను బ్రాకెట్ రేసులో ఆడతాను. ఎవరి బండి టైము వాళ్లు ముందే చెప్పాలి. నేను 17.60 అని, పక్కవాడు 11.20 అని రాస్తే నాకు 6.4 సెకన్లు ముందు పచ్చ లైటు ఇస్తారు. చెప్పినదానికంటే వేగంగా వెళ్తే ఓడినట్టే. అందుకే మెల్లటి కారు కూడా గెలుస్తుంది. వెనక నుంచి ఆ పదకొండు సెకన్ల బండి శబ్దం దగ్గరికొస్తూ ఉంటే వచ్చే టెన్షన్ ఇంకెక్కడా దొరకదు.

ఒక చేదు అనుభవం కూడా చెప్పాలి. మా ఊళ్లో ఒక షాపులో వెనక డిఫరెన్షియల్ బాగు చేయించాను. లోపల గేర్ల మధ్య సందు సరిగ్గా చూడలేదు. మూడో పరుగులో పళ్లు విరిగాయి, నూనె ట్రాక్ మీద కారింది. అందరి రేసులూ నలభై నిమిషాలు ఆగాయి. తలెత్తుకోలేకపోయాను. ఎవరూ ఒక్క మాట అనలేదు. పక్క పిట్‌లో ముసలాయన వచ్చి కారు కింద దూరి నాతోపాటు విప్పారు.

కాంటన్_కిరణ్:
వేణు గారూ, మీ పోస్టు మా ఆవిడకి చదివి వినిపించాను. ఇంతకీ అసలు మాట చెప్పలేదు, నేను ఒక 1965 నోవా చూసొచ్చాను. వీ8 ఉంది. తీసుకోవచ్చా?

లీఫ్‌స్ప్రింగ్:
వెనక స్ప్రింగు చూశారా? 1962 నుంచి 1967 దాకా చెవీ టూకి ఒక్కటే ఆకు ఉన్న లీఫ్ స్ప్రింగు. గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే ఆ ఆకు ఇంగ్లిష్ ఎస్ అక్షరంలా మెలి తిరిగి, ఇరుసు ఎగిరెగిరి పడుతుంది. మళ్లీ మళ్లీ అలా జరిగితే ఏదో ఒకటి విరుగుతుంది. ముందు ట్రాక్షన్ బార్లు (ఇరుసు మెలి తిరగకుండా పట్టుకునే కడ్డీలు) పెట్టించండి, తర్వాతే స్లిక్స్, అంటే గాళ్లు లేని నున్నటి రేసు టైర్లు. ముందు సబ్‌ఫ్రేమ్ బోల్టుల దగ్గర తుప్పు పట్టిందేమో సుత్తి చివరతో తట్టి చూడండి. కంగున మోగితే మంచిది. మెత్తగా వినిపిస్తే వదిలేయండి, ఎంత ముద్దొచ్చినా సరే.

డాలస్_దుర్గ:
ఆ తర్వాత ఈ చిన్న కార్లు ఏమయ్యాయి?

ఎడిసన్_పాతఇనుము:
ఇంకా చిన్నవి వచ్చాయి అమ్మా. 1972లో నిబంధనలు మారి చిన్న ఇంజన్‌కి తక్కువ బరువు చాలన్నారు. ఆ జెంకిన్సే షెవర్లే వేగాతో వచ్చి ప్రో స్టాక్ అనే క్లాసులో ఎనిమిది జాతీయ పోటీల్లో ఆరు గెలిచారు, హెమీలని పక్కన పెట్టి. ఫోర్డ్ వైపు గ్యాప్, రౌష్ జోడీ పింటోతో 1973 చాంపియన్‌షిప్ కొట్టింది. తర్వాత పొడుగు వీల్‌బేస్ ఉన్న కారుకి బరువులో వెసులుబాటు ఇచ్చేసరికి వాళ్లు నాలుగు తలుపుల మావెరిక్ తెచ్చారు! జనం దానికి టీహువానా టాక్సీ అని పేరు పెట్టారు. నిబంధన పుస్తకం వీళ్లంత శ్రద్ధగా ఇంకెవరూ చదివి ఉండరు.

కాంటన్_కిరణ్:
సుత్తి పట్టుకెళ్లాను. ఎడమ వైపు కంగుమంది, కుడి వైపు రెండో బోల్టు దగ్గర మెత్తగా పలికింది. మా పెద్దాయన కింద పడుకుని టార్చి వేసి చాలాసేపు చూశారు. లేచి మోకాళ్లు దులుపుకుని తల అడ్డంగా ఊపారు. వదిలేశాం. వచ్చే నెల ఇండియానాలో ఇంకో నోవా ఉందట, 1963ది, ఆరు సిలిండర్లది. ఆయనా వస్తానన్నారు.

వేలియంట్_వేణు:
ఆరు సిలిండర్లదైతే నా పక్క లేన్‌లోకి రండి కిరణ్ గారూ. ఎదురుచూస్తుంటాను.