గ్రామ పంచాయతీలను 40వ అధికరణంలో పెట్టడం రాజీయా, సాగనంపడమా?

సివిక్స్ మాస్టారు, చిత్తూరు
సర్పంచుల ధర్నా గురించి ఇక్కడ మాటలు నడుస్తుండగా ఒకరు “రాజ్యాంగం రాసిన రోజే పల్లెలను పక్కన పడేశారు” అని ఒక్క ముక్క రాసి వెళ్ళిపోయారు. దాని సంగతి విడిగా తేల్చుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

జరిగింది క్లుప్తంగా చెబుతాను. 1948 ఫిబ్రవరిలో తయారైన ముసాయిదాలో గ్రామ పంచాయతీ ఊసే లేదు. మే నెలలో రాజేంద్ర ప్రసాద్ గారు రాజ్యాంగ సలహాదారు బి.ఎన్. రావుకు ఉత్తరం రాసి, రాజ్యాంగాన్ని ఊరి నుంచి మొదలుపెట్టి పైకి కట్టుకు రావచ్చు కదా అన్నారు. ఇప్పుడు పునాది మార్చలేం అన్నట్టు రావు జవాబిచ్చారు. నవంబరు 4న ముసాయిదాను రాజ్యాంగ సభ ముందు పెడుతూ అంబేడ్కర్, ఊరంటే సంకుచితత్వానికీ అజ్ఞానానికీ నిలయం తప్ప మరేమిటి అన్నారు. ఊరిని కాదని వ్యక్తిని ప్రమాణంగా తీసుకున్నందుకు సంతోషం అని కూడా అన్నారు. సభలో చాలామందికి మండిపోయింది. ఎన్.జి. రంగా, కామత్ వంటివారు గట్టిగానే తగులుకున్నారు.

అప్పుడు మన తిరుచానూరు వారైన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ మధ్యేమార్గం ఒకటి చెప్పారు. గ్రామ గణతంత్రాలను ముందు మనమే పుట్టించుకోవాలి, అవి లేకుండా వాటి మీద రాజ్యాంగం ఎలా కడతాం, కాబట్టి రాబోయే ప్రభుత్వాలు పంచాయతీలు పెట్టి తీరాలని ఆదేశిక సూత్రాల్లో, అంటే ప్రభుత్వాలకు దారి చూపే నియమాల్లో, చేర్చండి అని. నవంబరు 22న కె. సంతానం ఆ సవరణ తెచ్చారు. ప్రకాశం పంతులు గారు సమర్థించారు. అంబేడ్కర్ వాదన పెట్టుకోకుండా ఒప్పేసుకున్నారు. అదే నేటి 40వ అధికరణం.

ఇది మంచి రాజీ అని నా అభిప్రాయం. కాదనేవారు కారణాలు చెప్పండి.

పుత్తూరు మాజీ సర్పంచ్
మాస్టారూ, ఆయన వాదన పెట్టుకోకుండా ఒప్పుకున్నారంటేనే తెలియడం లేదా? ఆదేశిక సూత్రాల్లో పెడితే ఏ కోర్టుకూ వెళ్ళలేమని 37వ అధికరణం చెబుతోంది. ఇవ్వనక్కరలేని దాన్ని ఇస్తామనడానికి ఎవరికైనా అభ్యంతరం ఎందుకుంటుంది? పెళ్ళికి పిలిచి పంక్తిలో కూర్చోబెట్టకపోవడం ఇది.

ఫలితం నేను అనుభవించాను. నేను గెలిచిన ఏడాది ఎండాకాలంలో మంచినీటి బోరు మోటారు వైండింగ్ కాలిపోయింది. ఆర్థిక సంఘం నిధులు ఖాతాలో పడ్డాయని ఫోనుకు సందేశం వచ్చింది. మర్నాడు బ్యాంకుకు వెళితే నిల్వ సున్నా. పాత కరెంటు బకాయిల కింద పైవాళ్ళే పట్టుకున్నారట. గ్రామసభను అడగలేదు, నన్ను అడగలేదు, కనీసం కాగితం ముక్క రాలేదు. మోటారు బాగుచేయించడానికి నా భార్య గాజులు కుదువపెట్టాను. ఆ బిల్లు నాకు ఇంతవరకు రాలేదు. ప్రాథమిక హక్కుల సరసన పంచాయతీని పెట్టి ఉంటే ఆ డబ్బు ముట్టుకునే ధైర్యం ఎవరికైనా ఉండేదా? చెప్పండి.

మామిడితోట, బంగారుపాళెం
మాజీ సర్పంచ్ గారి బాధ నిజం. మా ఊళ్ళోనూ అదే కథ.

ఏడుకొండల నీడ
అనంతశయనం అయ్యంగార్ ముసాయిదా కమిటీలో ఉండి కూడా ముసాయిదాలోనే పంచాయతీ పెట్టించలేకపోయారంటే, ఆయనది అసమర్థత అనాలి. మన వాడని పొగడ్తలు ఎందుకు?

సివిక్స్ మాస్టారు, చిత్తూరు
ఏడుకొండల నీడ గారూ, ముసాయిదా కమిటీలో ఉన్నది ఎన్. గోపాలస్వామి అయ్యంగార్. కాశ్మీరులో దివానుగా పనిచేసినాయన. అనంతశయనం గారు సభ్యులే గాని ఆ కమిటీలో లేరు. తర్వాత లోక్‌సభ స్పీకర్ అయ్యారు.

ఏడుకొండల నీడ
ఏ అయ్యంగార్ అయితే ఏం, కమిటీలో మద్రాసు వాళ్ళు నిండుగా ఉన్నారు కదా. అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఉన్నారు, తర్వాత టి.టి. కృష్ణమాచారి వచ్చారు. వాళ్ళు ఏం చేశారు?

సివిక్స్ మాస్టారు, చిత్తూరు
మీరు అసమర్థత అన్నది అనంతశయనం గారిని. దాని సంగతి చెప్పండి ముందు.

ఏడుకొండల నీడ
నా ప్రశ్నకు జవాబు రాలేదు.

సీమ గొంతు
కోర్టుకెక్కలేని ఒప్పందం విలువ ఎంతో రాయలసీమ వాళ్ళకు ఎవరూ నేర్పనక్కరలేదు. 1937 నవంబరు 16న శ్రీబాగ్‌లో కోస్తా, సీమ నాయకులు ఏం రాసుకున్నారు, తర్వాత ఎంత నిలబెట్టుకున్నారు? ఇదీ అదే జాతి. నేను మాజీ సర్పంచ్ వైపు.

చివరి వీధి, తిరుపతి
ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను. మాస్టారు రాజేంద్ర ప్రసాద్ గారి ఉత్తరం గురించి చెప్పారు గాని అందులో ఉన్న అసలు ఏర్పాటు చెప్పలేదు. వయోజన ఓటు ఊరి పంచాయతీ వరకే. ఆ పంచాయతీల వాళ్ళు ఓటేసి పై సభలకు పంపుతారు. బి.ఎన్. రావు అడ్డు చెప్పింది కూడా అక్కడే, నేరుగా ఓటు వేసే పద్ధతికి సభ అప్పటికే ఒప్పుకుంది కాబట్టి. ఊరే పునాది అయి ఉంటే 1952లో మా అవ్వ పార్లమెంటుకు ఓటు వేసి ఉండేది కాదు. ఊరి పెద్దలు ఆమె తరఫున వేసేవాళ్ళు. ఆ పెద్దలు ఎవరో ఇక్కడ అందరికీ తెలుసు.

బేగం ఐజాజ్ రసూల్ ఆ నవంబరులోనే సభలో అన్నారు, గ్రామ పంచాయతీలు చాలా నిరంకుశంగా ఉండగలవు అని. ఆవిడ మాట ఇక్కడ ఎవరికీ గుర్తు రాలేదు.

పుత్తూరు మాజీ సర్పంచ్
పరోక్ష ఎన్నికలు కావాలని నేను ఎక్కడ అన్నాను? నేను అడిగింది నిధులకు, అధికారాలకు రాజ్యాంగ రక్షణ. మీరు నేను అనని మాటకు జవాబిస్తున్నారు. అయినా 1948లో ఊళ్ళు ఎలా ఉన్నాయని చూపించి నేటి సర్పంచ్ చేతులు కట్టేయడం ఏమి న్యాయం?

సివిక్స్ మాస్టారు, చిత్తూరు
అమ్మా, మీరన్నది సరైనదే, ఆ ఉత్తరంలో పరోక్ష పద్ధతి ఉంది. అందుకే ఇది మంచి రాజీ అంటున్నాను. ఓటు వ్యక్తికి దక్కింది, ఊరికి మాట దక్కింది. ఆ మాట పట్టుకునే 1957లో పంచాయతీ రాజ్ పెట్టమన్న బల్వంత్‌రాయ్ మెహతా కమిటీ వచ్చింది. 1959లో రాజస్థాన్ వెనుకనే ఆంధ్రప్రదేశ్ పంచాయతీ రాజ్ పెట్టింది. ఆపైన పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ సవరణ, 1993 ఏప్రిల్ 24 నుంచి అమలు. విత్తనం ఆదేశిక సూత్రాల్లోనే వేశారు.

పుత్తూరు మాజీ సర్పంచ్
మొలవడానికి 44 ఏళ్ళు పట్టిందన్నమాట. ఆ మొలిచినదైనా ఏమిటి? పదకొండో షెడ్యూలులో 29 అంశాలు వరసగా రాశారు, వాటిలో ఎన్ని అప్పగించాలో రాష్ట్రం ఇష్టానికి వదిలారు. మళ్ళీ అదే పంక్తి, అదే ఖాళీ విస్తరి. మాస్టారికి పెన్షను నెల మొదట్లో వస్తుంది కాబట్టి ఓపికగా మాట్లాడగలరు.

సివిక్స్ మాస్టారు, చిత్తూరు
నా పెన్షను జోలికి ఎందుకు? చర్చ చేతకాకపోతే మానుకోవచ్చు.

మామిడితోట, బంగారుపాళెం
పెద్దవాళ్ళు. నిదానం.

చివరి వీధి, తిరుపతి
మాజీ సర్పంచ్ గారూ, చేతులు కట్టేయడం అన్నారు. మా అమ్మ కూడా సర్పంచే. ఎస్సీ మహిళకు కేటాయించిన స్థానం. మీ నిధులు పైవాళ్ళు పట్టుకుంటే మీకు కోపం వచ్చింది, న్యాయమే. మా అమ్మ విషయంలో పైవాళ్ళ దాకా వెళ్ళే అవసరమే రాలేదు. తీర్మానాల పుస్తకం ఊళ్ళో ఒక పెద్దాయన ఇంట్లో ఉండేది. సాయంత్రం పూట వాళ్ళ పాలేరు గోనెసంచిలో చుట్టి తెచ్చేవాడు. ఏ పేజీలో సంతకం పెట్టాలో అక్కడ అగ్గిపుల్ల పెట్టి ఉండేది. పై పేజీలు తిప్పి చూడబోతే “పొద్దుపోయిందమ్మా, వెళ్ళాలి” అనేవాడు. అమ్మ ఐదో తరగతి వరకు చదివింది, చదవడం వచ్చు. ఒకసారి చదివి, ఇది గ్రామసభలో అనుకోలేదు కదా అని పెట్టనంది. ఆ తర్వాత రెండు వారాలు మా వీధికి నీళ్ళు వదలలేదు. మోటారు బాగానే ఉంది.

మీరు కోరినట్టు పంచాయతీకి పై ప్రభుత్వం కూడా ముట్టుకోలేనంత బలం 1950లోనే ఇచ్చి ఉంటే, ఆ బలం ఎవరి ఇంట్లో గోనెసంచిలో ఉండేది?

సీమ గొంతు
ఇది ఒక్క ఊరి సంగతి. దీన్ని బట్టి రాజ్యాంగాన్ని తూచగలమా?

చివరి వీధి, తిరుపతి
మోటారు కాలిన ఒక్క ఊరి సంగతితో ఇందాక తూచారు కదా. అప్పుడు మీరు ఆయన వైపు అన్నారు.

సివిక్స్ మాస్టారు, చిత్తూరు
ఇక్కడ ఒక విషయం కలపాలి. అంబేడ్కర్ పంచాయతీలకు పూర్తిగా వ్యతిరేకి అని అందరూ అనుకుంటారు. 1932లో బొంబాయి శాసనమండలిలో గ్రామ పంచాయతీల బిల్లు వచ్చినప్పుడు ఆయన పట్టుబట్టింది అణగారిన వర్గాలకు అందులో ప్రత్యేక ప్రాతినిధ్యం ఉండాలని. అది లేని పంచాయతీ వద్దన్నారు. 40వ అధికరణంలో ఆ షరతు లేదు. 73వ సవరణతో 243డి కింద వచ్చింది. అంటే ఆయన అడిగిన 60 ఏళ్ళకు. నేను దీన్ని రాజీలోని లోపం అని ఒప్పుకుంటాను, కాని రాజీ తప్పని అనను. ఇంకొకటి, సంతానం సవరణ నెగ్గిన వారానికే, నవంబరు 29న, అంటరానితనం రద్దు నిబంధనను అదే సభ ఆమోదించింది. “మహాత్మా గాంధీకీ జై” అని కేకలు వేశారు. అదే నేడు 17వ అధికరణం. దాన్ని ప్రాథమిక హక్కుల్లో పెట్టారు, పంచాయతీని ఆదేశిక సూత్రాల్లో పెట్టారు. ఏది ముందో సభకు తెలుసు.

ఏడుకొండల నీడ
కేకలు గాంధీ పేరున, రాసింది అంబేడ్కర్. బాగుంది.

పుత్తూరు మాజీ సర్పంచ్
ఇప్పుడు అసలు సంగతి బయటపడింది. మాస్టారికి, ఈ అమ్మాయికి ఊరి మీద నమ్మకం లేదు. దూరాన ఉన్న అధికారి మీద నమ్మకం ఉంది. కలెక్టరు ఏ ఊరివాడో, రెండేళ్ళలో ఎక్కడికి పోతాడో తెలియదు. ఆయన దయ చాలు, పక్కింటివాడు మాత్రం వద్దు. స్వరాజ్యం అంటే ఇదేనా? తప్పు చేసిన సర్పంచ్‌ను ఐదేళ్ళకు దించవచ్చు. ఖజానాలో కూర్చున్నవాడిని ఎవరు దించారు?

చివరి వీధి, తిరుపతి
అవును, నాకు నమ్మకం లేదు. దాచుకోవడం దేనికి? దూరాన ఉన్న అధికారికి మా వీధి తెలియదు, అందుకే ఒక్కోసారి అర్జీ మీద సంతకం పెడతాడు. పక్కింటివాడికి మా వీధి తరతరాలుగా తెలుసు. మీరు పై ప్రభుత్వం నుంచి స్వేచ్ఛ అడుగుతున్నారు, మేము ఊరి నుంచి అడుగుతున్నాం. రెంటినీ కలిపి స్వరాజ్యం అంటే నాకు ఎక్కదు. నిధులు నేరుగా రావాలి, నేనూ ఒప్పుకుంటాను. కాని తీర్మానాల పుస్తకం పంచాయతీ ఆఫీసు దాటకూడదని, ఎవరి సంతకం ఎలా తీసుకున్నారో అడిగే దిక్కు ఊరి బయట ఉండాలని దాంతోపాటే రాయండి.

ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. గాజులు కుదువపెట్టి మోటారు బాగుచేయించారు కదా, ఆ నీళ్ళు ఎస్సీ కాలనీకి వెళ్ళాయా?

పుత్తూరు మాజీ సర్పంచ్
వెళ్ళాయి. లైను చివర కాబట్టి ఒత్తిడి తక్కువ. అది పైపు సమస్య, కులం సమస్య కాదు. కొత్త ట్యాంకు మంజూరైతే కాలనీకీ బాగా వచ్చేది, ఆ నిధులే కదా పట్టుకున్నది.

చివరి వీధి, తిరుపతి
కాలనీని లైను చివర పెట్టింది పైపు కాదు. కొత్త ట్యాంకు ఎక్కడ కట్టాలని అనుకున్నారు?

పుత్తూరు మాజీ సర్పంచ్
ఊరి మధ్యలో. గ్రామసభ తీర్మానం చేసింది, నేనొక్కడినే అనుకున్నది కాదు.

మామిడితోట, బంగారుపాళెం
గ్రామసభ ఎక్కడ పెట్టారన్నా?

పుత్తూరు మాజీ సర్పంచ్
రామాలయం దగ్గర, ఎప్పుడూ పెట్టే చోటే. ఎవరినీ రావద్దని నేను అనలేదు. ముందురోజు కాలనీలో కూడా టముకు వేయించాను. రాకపోతే నా తప్పా? దానికీ, రాష్ట్రం మా ఖాతా ఊడ్చుకుపోవడానికీ సంబంధం ఏమిటో ముందు మాస్టారిని చెప్పమనండి.