నేను రోడ్డే చూస్తున్నా, కారు మాత్రం చూడట్లేదంటోంది

గోదారి_అమ్మాయి:
అందరికీ నమస్తే. మేముండేది డల్లాస్ దగ్గర. మూడు నెలల కింద కొత్త కారు తీసుకున్నాం. హైవే మీద లేన్ పట్టుకుని తనే వెళ్తుంది, చేతులు తీసేసినా ఊరుకుంటుంది గానీ కళ్లు మాత్రం రోడ్డు మీదే ఉండాలి, అది చూడటానికి స్టీరింగ్ వెనక చిన్న కెమెరా పెట్టారు. మా ఆయన ఐదడుగుల పది, ఆయన నడిపితే ఏ గొడవా లేదు. నేను నాలుగడుగుల పదకొండు. నేను కూర్చున్నానంటే ఐదు నిమిషాలకోసారి ఎర్ర లైటు వెలిగి సీటు అదురుతుంది, రోడ్డు చూడమని. చూస్తూనే ఉన్నాను కదా!

అసలు భయం వేసింది మొన్న. నేను నర్సుని, నైట్ డ్యూటీ దిగి వస్తుంటే నిజంగానే కళ్లు మూతలు పడ్డాయి, పక్క లేన్‌లో ట్రక్కు హారన్‌కి ఉలిక్కిపడి లేచాను. అప్పుడు కారు ఒక్క బీప్ కూడా కొట్టలేదు. షోరూమ్‌లో అడిగితే "అందరికీ బాగానే పనిచేస్తోందండీ" అన్నారు. తెలిసినవాళ్లేమో కెమెరాకి టేప్ అంటించి స్టీరింగ్‌కి బరువు తగిలించెయ్, పీడా పోతుంది అంటున్నారు. ఏం చేయమంటారు?

కెమెరా_పనోడు:
టేప్ మాత్రం వద్దండి. హైదరాబాద్‌లో ఇలాంటి కెమెరాల సాఫ్ట్‌వేర్ మీదే ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. ఆ కెమెరా మన కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు వేసి తల ఎటు తిరిగింది, చూపు ఎటుంది, రెప్ప ఎంత తెరుచుకుంది అని లెక్క కడుతుంది. పొట్టిగా ఉన్నవాళ్లు ముందుకి జరిగి కూర్చుంటారు, దాంతో స్టీరింగ్ అంచో అడ్డ కమ్మీయో ఒక కంటికి అడ్డం రావచ్చు. కన్ను కనపడకపోతే అది తలని బట్టి ఊహిస్తుంది. మీకు ఉత్తుత్తి బీప్‌లు రావడానికీ, నిజంగా కునికినప్పుడు రాకపోవడానికీ కారణం ఒకటే అయి ఉండొచ్చు.

ఇంట్లోనే చూసుకోవచ్చు. కారు ఆపి, మామూలుగా నడిపేటప్పుడు కూర్చున్నట్టే కూర్చుని, ఒక కన్ను మూసి రెండో కంటితో లెన్స్ వైపు చూడండి. తర్వాత ఆ కన్ను మూసి ఈ కంటితో. ఏ కంటికి లెన్స్ కనపడదో, ఆ కన్ను లెన్స్‌కీ కనపడదు. సీటు, స్టీరింగ్ కొంచెం కొంచెంగా మార్చి రెండు కళ్లకీ కనపడేలా చేసుకోండి, ఎయిర్‌బ్యాగ్‌కీ ఛాతీకీ మధ్య పది అంగుళాలు మాత్రం తగ్గనివ్వకండి. కొన్ని నల్లకళ్లద్దాలు ఆ వెలుగుని ఆపేస్తాయి, అదీ చూసుకోండి.

ఇంకో మాట, తప్పు మీ పొడవుది కాదు. యూరప్‌లో కార్లకి స్టార్లు ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ 2023 నుంచి ఈ కెమెరాలు పదహారేళ్ల వాళ్ల నుంచి 80 దాటిన వాళ్ల దాకా, పొట్టి ఆడవాళ్ల నుంచి పొడుగు మగవాళ్ల దాకా, అన్ని చర్మపు రంగులకీ, 6 మిల్లీమీటర్లు తెరుచుకునే కన్ను నుంచి 14 మిల్లీమీటర్ల కన్ను దాకా పనిచేయాలని రాసింది. చిన్న కళ్లున్న డ్రైవర్ నిద్రపోతున్నాడనుకుని కారు అతని డ్రైవింగ్ మార్కులు కోసిన సంగతి 2022లో చైనాలో పెద్ద వార్తే అయింది. మీ అమెరికాలో కార్ల భద్రతని పరీక్షించే ఐఐహెచ్ఎస్ అనే సంస్థ 2024లో, మీ కార్లోలా సగం పని కారే చేసే 14 సిస్టమ్‌లకి డ్రైవర్‌ని ఎంత బాగా కనిపెడతాయో చూసి రేటింగ్ ఇస్తే 11 'పూర్' దగ్గరే ఆగిపోయాయి, 'గుడ్' ఒక్కదానికీ రాలేదు.

ఓఆర్ఆర్_రోజూ:
మా నాన్నగారికి 68. మా కారూ లేన్ పట్టుకుని వెళ్తుంది గానీ డ్రైవర్‌ని చూసే కెమెరా లేదు, స్టీరింగ్‌ని చెయ్యి తిప్పుతోందా లేదా అని మాత్రమే చూస్తుంది. ఆయన రెండు వేళ్లతో తేలిగ్గా పట్టుకుంటారు, చేతులు పెట్టమని కారు ఒకటే గోల. అది పర్లేదు. ఔటర్ మీద ఎగ్జిట్ దగ్గర తెల్లగీతలు చెరిగిపోయిన చోట కారు చప్పున స్టీరింగ్ వదిలేసింది, ఆయనేమో ఇంకా అదే నడుపుతోందనుకుంటున్నారు. పక్కనుంచి నేనే స్టీరింగ్ పట్టుకున్నాను. డెలివరీ రోజు పూజ చేయించి తాళాలు ఇచ్చారే గానీ ఎప్పుడు వదిలేస్తుందో, డ్యాష్‌బోర్డు మీద పచ్చబొమ్మ తెల్లగా మారితే అర్థమేంటో ఎవరూ చెప్పలేదు. తర్వాత ఖాళీ రోడ్డు మీద పదిసార్లు కావాలనే ఆఫ్ చేయించి ఆ రంగు మారడం చూపించాను. ఇప్పుడు ఆయనే నాకు చెప్తున్నారు.

రాత్రి_షిఫ్టు:
అక్కా, ఆ టేప్ సలహా ఇచ్చినవాళ్లకి 2018 మార్చి గురించి చెప్పు. అమెరికాలో అరిజోనాలోని టెంపీలో, తనంతట తానే నడిచే టెస్టు కారు సైకిల్ తోసుకుంటూ రోడ్డు దాటుతున్న ఆవిడని గుద్ది చంపేసింది. ఢీకొట్టడానికి 5.6 సెకన్ల ముందే సెన్సర్లకి ఆమె కనపడింది, కానీ అది బండా, సైకిలా, ఇంకేదైనానా అని సిస్టమ్ తేల్చుకోలేకపోయింది. చూడాల్సిన డ్రైవర్ ఫోన్లో షో చూస్తూ ఉంది. అదే నెలలో కాలిఫోర్నియాలో ఇంకొకతను, ఫోన్లో గేమ్ నడుస్తోంది, కారు డివైడర్‌ని కొట్టింది, చివరి ఆరు సెకన్లూ స్టీరింగ్ మీద చెయ్యి లేదు. ఏ పనీ లేకుండా ఊరికే కనిపెట్టుకుని కూర్చోవడం ఎవరివల్లా కాదు, రాడార్ ఆపరేటర్ల కోసం చేసి 1948లోనే అచ్చేసిన ప్రయోగాల్లో అరగంటకే చూపు సడలిపోయింది. నైట్ డ్యూటీ దిగిన మనిషికైతే చెప్పక్కర్లేదు. ఆ పొద్దున నువ్వు అసలు డ్రైవింగే చేయకు.

గోదారి_అమ్మాయి:
అందరికీ థ్యాంక్సండి. కెమెరా_పనోడు గారు చెప్పినట్టే చూశాను, ఎడమకంటికి లెన్స్ సగమే కనపడుతోంది! సీటు రెండు అంగుళాలు లేపి స్టీరింగ్ కాస్త దించాక రెండు కళ్లకీ కనపడింది. నిన్న నలభై మైళ్లు వెళ్తే ఒక్కసారే మోగింది, అదీ నేను వెనక బాబు వైపు తిరిగినప్పుడు. నైట్ డ్యూటీ రోజుల్లో మా ఆయనే వచ్చి తీసుకెళ్తానన్నారు. ఇక్కడి ప్రభుత్వ రోడ్డు భద్రత సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో కారు నంబరుతో సహా కంప్లైంట్ కూడా పెట్టాను, ఎవరైనా పెట్టొచ్చట. ఐదడుగుల లోపు ఉన్న అక్కలు, చెల్లెళ్లు మీ కార్లో ఒక కన్ను మూసి చూసి, లెన్స్ కనపడిందో లేదో ఇక్కడ రాయండి, షోరూమ్ వాళ్లకి చూపించాలి.