అప్‌డేట్: ఇండక్షన్ వోక్ స్టవ్ మధ్యలో ఆగిపోవడానికి కారణం దొరికింది

గ్రానైట్ గట్టులో బిగించిన వోక్ స్టవ్, అంటే మూకుడు కూర్చునేలా గాజు గుంట ఉన్న ఇండక్షన్ స్టవ్, ఫుల్ పవర్‌లో వేపుడు చేస్తుంటే కాసేపటికే ఆగిపోతోందని కావలి నుంచి అడిగాను కదా. సాయం చేసిన అందరికీ థాంక్స్.

కింద గాలి ఆడుతోందా చూడమన్న వాళ్ల మాటే నిజమైంది. మెకానిక్ స్టవ్ కింద కప్‌బోర్డ్ తలుపు తెరిచిపెట్టి నడిపించాడు, ఆగలేదు. తలుపు మూశాక కాసేపటికి మళ్లీ ఆగింది. స్టవ్‌ని చల్లబరిచే లోపలి ఫ్యాన్, తాను బయటికి తోసిన వేడిగాలినే తిరిగి పీల్చుకుంటోంది, అందుకే స్టవ్ వేడెక్కి ఆగిపోతోంది! పైగా గాలి లాగే జాలీకి దుమ్ము, నూనె జిడ్డు కలిసి పట్టేసింది, వేలితో గీస్తే పొరలా ఊడొచ్చింది. జాలీ కడిగించి, వేడిగాలి పోయేలా కప్‌బోర్డ్ వెనక చెక్క కోయించి గ్రిల్ పెట్టించాం. పని పెద్దది కాదు, కార్పెంటర్ దొరకడమే పెద్ద టెన్షన్. ఇప్పుడు వంజరం ముక్కలు వాయి మీద వాయి వేయించినా ఆగడం లేదు.

వోల్టేజీకి సంబంధం లేదు. మీటర్ పెడితే 230 దగ్గరే ఉంది, స్టెబిలైజర్ ఖర్చు తప్పింది. మూకుడు కూడా కారణం కాదు. అడుగుకి అయస్కాంతం గట్టిగా అంటుకుంటోంది, గుంటలో సరిగ్గా కూర్చుంటోంది. గాజు గుంటను మాత్రం చల్లారాకే తుడవమన్నాడు మెకానిక్, పీచు వాడొద్దన్నాడు.