ఒంటరి నదీ ప్రయాణంలో కయాక్‌కి లీష్‌తో కట్టుకోవాలా, వద్దా?

ఏటివాలు:
3 వారాల ఒంటరి ప్రయాణం ప్లాన్ చేస్తున్నాను. మొదట రాళ్లు, జోరు నీళ్లు. ఆ తర్వాత 2 జలాశయాలు, చివర్లో వెడల్పాటి నెమ్మది ప్రవాహం. 5 మీటర్ల ప్లాస్టిక్ కయాక్, 40 కిలోల సామాను. బోల్తా పడితే పడవ కొట్టుకుపోకుండా లీష్ (నన్ను పడవకు కలిపి ఉంచే తాడు) కట్టుకోవాలా? కట్టుకోమనేవాళ్లూ ఉన్నారు, వద్దనేవాళ్లూ ఉన్నారు. కారణాలతో చెప్పండి.

తెడ్డుగట్టు:
కట్టుకోవాలి. జలాశయం మధ్యలో గట్టి గాలికి ఖాళీ పడవ ఎంత త్వరగా జారిపోతుందో ఒడ్డున నిలబడి చూసినా తెలుస్తుంది. బట్టలు, లైఫ్ జాకెట్ వేసుకుని ఈదేవాడు గంటకు 2, 3 కిలోమీటర్లు మించి పోలేడు. మొదటి కొన్ని క్షణాల్లో అందకపోతే ఇక అందనట్టే. పైగా నీళ్లు చల్లగా ఉంటే మొదటి నిమిషం ఊపిరే అదుపులో ఉండదు, సుమారు 10 నిమిషాలకు వేళ్లు మాట వినవు. మీ తిండి, గుడారం, పొడిబట్టలు అన్నీ పడవలోనే కదా.

సుడిదాటు:
పారే నీళ్లలో లీష్ వద్దండీ. ఒడ్డున కూలిన చెట్టుంటే కొమ్మల మధ్య నుంచి నీళ్లు పోతాయి, మనిషి పోడు. పడవ కొమ్మకు ఒక పక్క, మీరు ఇంకో పక్క, తాడు కొమ్మ మీద. ప్రవాహ వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది. లోపల అడ్డగోడలు లేని పడవలో 250 లీటర్ల నీళ్లు నిండితే 250 కిలోలు. అలాంటి పడవను ప్రవాహం లాగే లాగుడంతా మీ నడుము మీద పడుతుంది.

బల్లకట్టు:
తెడ్డుకు కట్టే తాడు కూడా అంతే. జోరు నీళ్లలో తీసేయాలి.

తెడ్డుగట్టు:
నేను చెప్పేది లీష్ తగిలించే క్విక్ రిలీజ్ (లాగగానే ఊడే) నడుము బెల్టు గురించి, కాలికి కట్టేదాని గురించి కాదు. ముందున్న బంతి లాగితే ఊడిపోతుంది. ప్రతిసారీ నా మాట సగమే తీసుకుని జవాబిస్తారు మీరు.

సుడిదాటు:
ఆ ఊడటం గురించే చెప్తాను. బెల్టు కొసను లోహపు పట్టీలోంచి కూడా తిప్పి బిగిస్తే ఎక్కువ లాగుడు తట్టుకుంటుంది. కానీ లాగుడు తక్కువగా ఉన్నప్పుడు బకిల్ తెరుచుకున్నా ఆ పట్టీ దగ్గర రాపిడికి బెల్టు జారకపోవచ్చు. కొసకు ముడి వేసినా, ఎక్కడైనా దోపినా అదే గతి. తల నీళ్లలో ఉండగా ఇదంతా చేత్తో తడుముకోవాలి. 2021 అక్టోబరు 30న వేల్స్‌లోని హావర్‌ఫర్డ్‌వెస్ట్ దగ్గర, వరద నీళ్లలో అడ్డుకట్ట మీదికి వెళ్లిన ప్యాడిల్ బోర్డుల (నిలబడి తెడ్డు వేసే పలకల) బృందంలో నలుగురు చనిపోయారు. వాళ్ల లీష్‌లు ఆ నీటికి తగినవి కావని దర్యాప్తులో తేలింది.

తెడ్డుగట్టు:
అవి బోర్డులు. అక్కడ తప్పుబట్టింది కాలికి కట్టేవాటిని. నేను వద్దన్నదాన్నే నా మీదికి తెస్తున్నారు!

మడతపడవ:
ఆస్కార్ స్పెక్ 1932లో ఉల్మ్ దగ్గర డాన్యూబ్‌లో మడత కయాక్ దించి 1939లో ఆస్ట్రేలియా చేరాడు. అప్పట్లో ఈ బెల్టులెక్కడివి?

సుడిదాటు:
ఆయన చేరాడు కాబట్టి బెల్టు వద్దనీ కాదు, కావాలనీ కాదు. దాన్ని పక్కన పెట్టండి.

నీటిమట్టం:
ఇద్దరూ పడవ గురించే మాట్లాడుతున్నారు, ఒంటి మీద ఏముందో ఎవరూ అడగలేదు. ఆపదలో ఉపగ్రహానికి సంకేతం పంపే 406 మెగాహెర్ట్జ్ బీకన్‌ని డ్రై బ్యాగులో (నీళ్లు చొరని సంచిలో) పెట్టి ముందు అరలో దాస్తే, పడవ పోయినప్పుడు అదీ పోతుంది. బీకన్, ఈల, కత్తి, లైటర్, పలుచని రేకు దుప్పటి జాకెట్ జేబుల్లోనే ఉండాలి. బీకన్ యాంటెనా పూర్తిగా విప్పి ఆకాశం వైపు పట్టాలి. ఇవి ఒంటి మీద ఉంటే పడవ వదిలేయడానికి చేయి వస్తుంది.

తెడ్డుగట్టు:
వదిలేసి 3 రోజుల నడక దూరంలో తడిబట్టలతో కూర్చోవాలా? సుడిదాటు, సూటిగా చెప్పండి. ఒంటరిగా వెళ్లొద్దనే కదా మీరనేది?

సుడిదాటు:
కాదు. జోరు నీళ్లలో నిండు సామానుతో ఒంటరిగా దిగొద్దంటున్నాను. ఒడ్డుకు చేరి, పడవనూ సామానునూ మోసుకుని ఆ చోటు దాటాలి. లీష్ ఉందన్న ధైర్యంతో మోయాల్సిన చోట మోయకుండా దిగుతున్నారు. నాకు కోపం అక్కడ.

తెడ్డుగట్టు:
మోయడమంటే ఏమిటో లెక్క వేయండి. 25 కిలోల పడవ, 40 కిలోల సామాను, 3 విడతలు. కిలోమీటరు దారి అంటే ముందుకు 3, వెనక్కి 2, మొత్తం 5 కిలోమీటర్లు. అలాంటివి రోజుకు 3 వస్తే 15. అంత అలసినవాడు సాయంత్రం తేలిక నీళ్లలోనే తప్పు చేస్తాడు. అందుకే కొన్నిచోట్ల దిగక తప్పదంటున్నాను.

సుడిదాటు:
ఈ మాట మొదటే అనుంటే ఇంత గొడవ లేదు. అలసట నిజమే, ఒప్పుకుంటాను. దానికి మందు లీష్ కాదు. సామాను 25 కిలోలకు దించండి, 2 విడతల్లో అయిపోతుంది, నడక 3 కిలోమీటర్లే. దారి బాగుంటే చక్రాల బండి. ఒడ్డు నడవడానికి వీలుగా ఉంటే పడవకు ముందూ వెనకా 15 మీటర్ల తేలే తాళ్లు కట్టి, ఒడ్డు వెంట నడుస్తూ కిందికి దించండి. ఎగువ వైపు కొస కాస్త ఒడ్డుకు వంగి ఉంటే ప్రవాహమే పడవను ఒడ్డుకు నెడుతుంది. ఆ కొస బయటికి తిరిగిందా, పడవ అడ్డం తిరిగి బోల్తా పడుతుంది. తాడు చేతికి చుట్టుకోవద్దు.

నీటిమట్టం:
మోకాలు దాటిన జోరు నీళ్లలో నిలబడొద్దు కూడా. పాదం రాళ్ల మధ్య ఇరుక్కుంటే నీళ్లు మనిషిని ముందుకు పడేస్తాయి.

ఏటివాలు:
అందరికీ ధన్యవాదాలు. జోరు భాగంలో లీష్ లేదు. సామాను తగ్గిస్తాను, చక్రాల బండిని పడవ పైన వెనక భాగంలో కడతాను. జలాశయాల్లో మాత్రం నడుము బెల్టు. సరేనా?

సుడిదాటు:
జలాశయంలో నాకు అభ్యంతరం లేదు. అయితే నిండు బట్టలతో లోతు నీళ్లలో పడి, ప్యాడిల్ ఫ్లోట్ (తెడ్డు కొసకు తొడిగే గాలి సంచి) ఊది మళ్లీ ఎక్కడం ముందే సాధన చేయండి. బెల్టు బంతిని కళ్లు మూసుకుని, ముందు కుడి చేత్తో, తర్వాత ఎడమ చేత్తో లాగి చూడండి.

తెడ్డుగట్టు:
ఇంకొకటి. ఆనకట్ట దగ్గర పడవ ఒడ్డుకు లాగగానే బెల్టు నడుము నుంచి తీసి అరలో పడేయండి. కింద మళ్లీ నది మొదలవుతుంది, అప్పుడు విప్పడం గుర్తుండదు.

సుడిదాటు:
అవును, అది చేయండి.