‘రన్’ను తెలుగులోకి తెచ్చేటప్పుడు ఏ క్రియ ఎప్పుడు వాడాలి?

ప్రశ్న (సబ్‌టైటిల్_రాత):
ఇంగ్లిష్ సీరియళ్లకు తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తున్నాను. ‘రన్’ వచ్చిన ప్రతిచోటా ఆగిపోతున్నాను. ‘పరుగెత్తు’ ఎక్కడో తప్ప కుదరడం లేదు. నిఘంటువులో అర్థాలు బోలెడున్నాయి గానీ ఎంచుకునే పద్ధతి తెలియడం లేదు. ‘రన్ అవుట్ ఆఫ్’, ‘రన్ ఇంటూ’, ‘రన్ ఆన్ ద బ్యాంక్’ మరీ ఇబ్బంది పెడుతున్నాయి.

జవాబు (పదాల_పెట్టె):
అర్థాల జాబితాతో మొదలుపెట్టకండి. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వాళ్లు దీనికి క్రియగానే 645 అర్థాలు తేల్చారు. ముందు కర్తను చూడండి, దానికి తెలుగులో సొంత క్రియ ఉంటుంది. నది పారుతుంది, ముక్కు కారుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది, రోడ్డు ఊళ్లోంచి పోతుంది, సినిమా వంద రోజులు ఆడుతుంది. ఉతికితే చీర రంగు దిగుతుంది. ఇక్కడ ‘వెలిసింది’ అనకూడదు. వెలవడం అంటే ఎండకో వాడకానికో పాలిపోవడం, దిగడం అంటే నీళ్లలోకి వచ్చి పక్క బట్టకు అంటుకోవడం. ‘ట్యాప్ రన్నింగ్’ను ‘కుళాయి కారుతోంది’ అని రాస్తే వాషరు పోయిందనుకుంటారు. ‘కుళాయి కట్టకుండా వదిలేశారు’ అనండి.

కర్మ ఉంటే దాన్ని బట్టి పోవాలి: హోటల్ నడుపుతారు, రక్తపరీక్షలు చేస్తారు, స్నానానికి తొట్టిలో నీళ్లు పడతారు.

జవాబు (మాటల_మూట):
‘రన్ అవుట్ ఆఫ్’ దగ్గర ఎవరు మాట్లాడుతున్నారో చూసుకోండి. బియ్యం, పసుపు, కుంకుమ ‘అయిపోయాయి’ అనడం అశుభమని పెద్దవాళ్లు ‘నిండుకున్నాయి’ అంటారు. అమ్మమ్మ పాత్రకు అదే చక్కగా అతుకుతుంది. కాలేజీ కుర్రాడికి ‘అయిపోయాయి’ చాలు, తెలంగాణ యాసలో ‘ఒడిసినయ్’. ఓపికకైతే ‘నశించింది’.

‘రన్ ఇంటూ’ తర్వాత మనిషి ఉంటే తారసపడ్డాడు, చెట్టు ఉంటే గుద్దుకుంది, అప్పులుంటే కూరుకుపోయాడు.

‘రన్ ఆన్ ద బ్యాంక్’కు ‘పరుగు’ వద్దు. 2023 మార్చి 9న అమెరికాలోని సిలికాన్ వ్యాలీ బ్యాంకు ఖాతాదారులు ఒక్కరోజే 4,200 కోట్ల డాలర్లు వెనక్కి తీసుకోబోయారు, మర్నాడు బ్యాంకు మూతపడింది. చాలామంది ఇంట్లో కూర్చుని ఫోన్లోనే నొక్కారు. ‘డబ్బు వెనక్కి తీసుకోవడానికి ఒక్కసారిగా ఎగబడ్డారు’ అంటే విషయం తెలుస్తుంది. ‘ఒక్కసారిగా’ను మాత్రం వదలకండి, బ్యాంకు కూలేది అందువల్లే. డిపాజిట్లలో చాలా భాగం అప్పులుగానో బాండ్లుగానో బయట ఉంటుంది, అందరికీ ఒకేరోజు ఇవ్వడం బ్యాంకు వల్ల కాదు.

ప్రశ్న (సబ్‌టైటిల్_రాత):
చాలా ఉపయోగపడిందండీ. మరి ఒంటరిగా ‘రన్!’ అని అరిస్తే?

జవాబు (పదాల_పెట్టె):
వెనక ప్రమాదం ఉంటే ‘పారిపో!’, ముందు గమ్యం ఉంటే ‘పరుగెత్తు!’. తెలంగాణ పాత్రకు రెండుచోట్లా ‘ఉరుకు!’ సరిపోతుంది. గుంపును ఉద్దేశించి అరిస్తే ‘పారిపోండి!’. ఆ ముక్క వీడియో చూడకుండా రాయకండి. స్క్రిప్టులో ఎంతమంది పరుగెడుతున్నారో చాలాసార్లు ఉండదు.