ఐర్లండ్ చిహ్నాల అర్థాలు: ఏవి ప్రాచీనం, ఏవి తర్వాత చేరినవి?

ప్రశ్న (చిత్రరేఖ):

పిల్లల విజ్ఞాన పుస్తకం ఒకదానిలో ఐర్లండ్‌కు కేటాయించిన రెండు పేజీలకు నేను బొమ్మలు వేస్తున్నాను. షామ్‌రాక్ ఆకు, హార్ప్ వాద్యం, క్లాడా ఉంగరం, మూడు సుడుల గుర్తు, అల్లిక ముడి అనే ఐదు చిహ్నాలను ఎంచుకున్నాను. ఒక్కొక్క బొమ్మ కింద రెండు మూడు వాక్యాల వివరణ కూడా నేనే రాయాలి. ఎక్కడ వెతికినా ఐదింటినీ వేల ఏళ్ల నాటి కెల్టిక్ (ప్రాచీన ఐరోపాలోని కెల్టు జాతుల) చిహ్నాలనే అంటున్నారు. మూడు సుడులు జనన, మరణ, పునర్జన్మలకు గుర్తులట, అల్లిక ముడి అంతులేని ప్రేమకు గుర్తట. నగలు అమ్మేవారి పేజీల్లోనూ, యాత్రికుల కోసం వేసిన కరపత్రాల్లోనూ ఈ వాక్యాలు దాదాపు అక్షరం మారకుండా కనిపించడంతో నాకు అనుమానం కలిగింది. పిల్లలకు చెప్పదగినంత నిశ్చయంగా వీటిలో ఏ మాట నిలుస్తుందో తెలిసినవారు వివరించగలరా?

సమాధానం 1 (శిలాలిపి):

మీ అనుమానం సరైనదే. మీ జాబితాలో అన్నిటికంటే పాతదైన మూడు సుడుల గుర్తుతో మొదలుపెడతాను. అది డబ్లిన్‌కు ఉత్తరాన, బోయ్న్ నది లోయలోని న్యూగ్రేంజ్ సమాధి నిర్మాణంలో, ప్రవేశద్వారం ముందున్న పెద్ద బండ మీదా, లోపలి గదిలోని ఒక రాతి మీదా చెక్కి ఉంది. ఆ నిర్మాణం దాదాపు క్రీ.పూ. 3200 నాటిది. కెల్టిక్ కళ అని పండితులు పిలిచే శైలి ఐర్లండ్‌లో కనిపించేది క్రీ.పూ. 300 ప్రాంతం నుంచి, గాల్వే ప్రాంతంలోని టురో శిల వంటి వాటి మీద. అంటే ఆ సుడులు చెక్కినవారికీ కెల్టులకూ మధ్య రెండు వేల ఏళ్లకు పైగా ఎడం ఉంది. ఆ చెక్కినవారు ఒక్క అక్షరమూ రాసిపెట్టలేదు కనుక, సుడులకు వారు ఇచ్చుకున్న అర్థం ఇదీ అని చెప్పే ఆధారమే లేదు. పునర్జన్మ అన్నది ఆధునికుల ఊహ మాత్రమే.

అయినా పిల్లలకు చెప్పడానికి అంతకంటే గొప్ప విషయం అక్కడే ఉంది. శీతకాలంలో అతి తక్కువ పగలుండే రోజుల్లో, ఉదయించే సూర్యుని కిరణం ద్వారం పైన వదిలిన చిన్న గవాక్షం గుండా పొడవైన దారి దాటి, లోపలి గది దాకా ప్రవేశిస్తుంది. తవ్వకాలు జరిపిన పురావస్తు శాస్త్రవేత్త మైకేల్ ఓకెల్లీ 1967 డిసెంబరులో ఆ గదిలో నిలబడి దీన్ని స్వయంగా గమనించారు. సుడుల అర్థం మనకు తెలియకపోయినా, వాటిని చెక్కినవారు సూర్యుని గమనాన్ని ఎంత శ్రద్ధగా లెక్కించారో తెలుస్తోంది. మీ వివరణలో ఆ మాట రాయండి.

అల్లిక ముడి సంగతి క్లుప్తంగా చెబుతాను. మన మెలికల ముగ్గులాగే ఒక గీత తెగకుండా తిరిగి తనలోనే కలిసే ఆ అల్లికలు రోమన్ల మొజాయిక్ నేలల మీదా, జర్మానిక్ జాతుల లోహపు పనిలోనూ ముందే ఉన్నాయి. ఐర్లండ్, బ్రిటన్ మఠాల్లోని క్రైస్తవ సన్యాసులు 7వ శతాబ్దం నుంచి వాటిని తమ గ్రంథాల్లో పరాకాష్ఠకు తీసుకువెళ్లారు. క్రీ.శ. 800 ప్రాంతంలో తయారై, ఇప్పుడు డబ్లిన్ ట్రినిటీ కళాశాలలో ఉన్న బుక్ ఆఫ్ కెల్స్ అనే సువార్తల చేతిరాత గ్రంథం అందుకు పేరెన్నికగన్న ఉదాహరణ. ఏ ముడికి ఏ అర్థమో చెప్పే నిఘంటువేదీ ఆ సన్యాసులు వదిలిపోలేదు.

సమాధానం 2 (తంత్రీనాదం):

హార్ప్ గురించి కొంత విస్తరంగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే దాని అర్థం ఎప్పుడెప్పుడు మారిందో చరిత్రలో స్పష్టంగా నమోదైంది.

ట్రినిటీ కళాశాలలోనే ఉన్న పాత హార్ప్‌ను బ్రయన్ బోరు హార్ప్ అంటారు. అయితే బ్రయన్ బోరు రాజు 1014లో క్లాంటార్ఫ్ యుద్ధంలో మరణించాడు, ఆ వాద్యమేమో 14 లేదా 15వ శతాబ్దపు పనితనం. పేరు మాత్రం అలాగే అంటుకొని ఉండిపోయింది. గేలిక్ (స్థానిక ఐరిష్) ప్రభువుల కొలువుల్లో హార్ప్ వాద్యకారునికి కవితో పాటు గౌరవస్థానం ఉండేది. 16వ శతాబ్దంలో ఇంగ్లండ్ రాజు ఎనిమిదవ హెన్రీ, ఐర్లండ్ కోసం వేయించిన నాణేల మీద కిరీటం కింద హార్ప్‌ను ముద్రించాడు. పాలించబడే దేశపు సంస్కృతి గుర్తును పాలకుడు తన ముద్రగా మార్చుకున్నాడన్నమాట. 1791లో స్థాపితమైన యునైటెడ్ ఐరిష్‌మెన్ సంఘం అదే హార్ప్‌ను తీసుకొని, కిరీటం స్థానంలో స్వేచ్ఛకు గుర్తైన టోపీని ఉంచి, "దీనికి కొత్త తంత్రులు బిగించారు, ఇక ఇది వినిపించి తీరుతుంది" అనే అర్థం వచ్చే నినాదాన్ని జోడించింది. బొమ్మ ఒకటే అయినా కిరీటం తీసివేయడంతో విధేయత కాస్తా తిరుగుబాటైంది.

విచిత్రమేమిటంటే, హార్ప్ జెండాల మీదికి ఎక్కుతున్న ఆ కాలంలోనే, లోహపు తంత్రులను గోళ్లతో మీటే అసలు సంప్రదాయం అంతరించిపోతోంది. 1792లో బెల్‌ఫాస్ట్‌లో వాద్యకారుల సభ జరిపినప్పుడు వచ్చినవారు పది మందికి కాస్త అటూ ఇటూ మాత్రమే, వారిలోనూ పాత పద్ధతిలో గోళ్లతో మీటినవాడు తొంభై దాటిన డెనిస్ హెంప్సన్ ఒక్కడే. ఆనాడు ఆ స్వరాలను రాసుకోవడానికి నియమితుడైన ఎడ్వర్డ్ బంటింగ్ వయసు 19 ఏళ్లు. ఇప్పుడు మిగిలిన పాత బాణీల్లో చాలా భాగం అతని పుణ్యమే. ఐరిష్ హార్ప్ వాదనాన్ని యునెస్కో 2019లో మానవజాతి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది.

1922లో ఏర్పడిన ఐరిష్ ఫ్రీ స్టేట్ హార్ప్‌నే రాజ్యచిహ్నంగా స్వీకరించింది. ఇప్పటి ఐరిష్ పాస్‌పోర్టు మీదా, ఐర్లండ్ ముద్రించే యూరో నాణేలన్నిటి మీదా ఉన్నది అదే. గిన్నెస్ బీరు సంస్థ 1876లోనే తన హార్ప్‌ను వ్యాపార చిహ్నంగా నమోదు చేసుకుంది. ఆ హార్ప్ ఒక దిక్కుకు, రాజ్యపు హార్ప్ దానికి ఎదురు దిక్కుకు తిరిగి ఉంటాయి. పిల్లల పుస్తకంలో బీరు ప్రస్తావన అక్కరలేదు గాని, బొమ్మ వేసే ముందు మీరు ఒక యూరో నాణెం ఎదురుగా పెట్టుకోవడం మంచిది.

చిత్రరేఖ:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇప్పుడు మరో సందేహం. షామ్‌రాక్, క్లాడా ఉంగరాల కథలు కూడా తర్వాత అల్లినవే అయితే, వాటిని పూర్తిగా వదిలివేయడమే నిజాయితీ అవుతుందా? అల్లిక ముడికి అర్థమే చెప్పలేనప్పుడు దాని స్థానంలో మరేదైనా పెట్టవచ్చా?

సమాధానం 3 (తీరవాసి):

వదిలివేయవద్దు. పై సమాధానాల్లోని వివరాలతో నాకు పేచీ లేదు గాని, పాతదైతేనే వారసత్వం అన్న ధ్వనితో ఏకీభవించలేను. ఒక జాతి మూడు వందల ఏళ్లుగా ఒక ఆకును ఛాతీ మీద ధరిస్తూ ఉంటే, ఆ ధరించడమే వారసత్వం.

ఐర్లండ్‌లో క్రైస్తవాన్ని బోధించిన సెయింట్ పాట్రిక్ 5వ శతాబ్దపు వాడు. అతని సొంత రచనలు రెండు నిలిచి ఉన్నాయి, వాటిలో షామ్‌రాక్ ఊసే లేదు. మూడు రేకుల ఆకును చూపి త్రిత్వాన్ని (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకే దేవుడన్న క్రైస్తవ భావనను) బోధించాడన్న కథను 1726లో కేలెబ్ థ్రెల్‌కెల్డ్ తన వృక్షశాస్త్ర గ్రంథంలో రాస్తూ, పాట్రిక్ పండుగ రోజైన మార్చి 17న జనం ఈ ఆకును టోపీలకు పెట్టుకుంటారని కూడా చెప్పాడు. కథ ఎంత నిజమైనా కాకపోయినా, ఆచారం మాత్రం అప్పటికే ఉంది. అసలు ఏ మొక్క షామ్‌రాక్ అన్నదే తేలలేదు. 1893లో నథానియల్ కోల్గన్, 1988లో చార్లెస్ నెల్సన్ అనే వృక్షశాస్త్రజ్ఞులు జనం పంపిన మొక్కలను పరిశీలించినప్పుడు ఒక్క జాతి అని తేలలేదు, పసుపు పూల చిన్న క్లోవర్, తెల్ల క్లోవర్ ఎక్కువగా వచ్చాయి. నాలుగు రేకుల ఆకు అదృష్టానికి గుర్తే గాని షామ్‌రాక్ కాదు. బొమ్మలో మూడు రేకులే ఉండాలి.

క్లాడా అన్నది గాల్వే పట్టణపు ప్రాకారానికి వెలుపల ఉన్న బెస్తపల్లె. హృదయాన్ని రెండు చేతులు పట్టుకొని, పైన కిరీటం ఉండే ఉంగరం 1700 ప్రాంతం నుంచి గాల్వేలో తయారవుతోంది. రిచర్డ్ జాయిస్ అనే యువకుడు సముద్రపు దొంగలకు చిక్కి, బానిసగా కంసాలి పని నేర్చి, తిరిగి వచ్చి దీన్ని చేశాడని చెప్పుకుంటారు. చేతులు కలిపిన ఉంగరాలు రోమన్ల కాలం నుంచి ఐరోపా అంతటా ఉన్నాయి కనుక రూపం పూర్తిగా కొత్తది కాదు. అయినా స్నేహం, ప్రేమ, విధేయత అనే అర్థాన్ని నిస్సంకోచంగా రాయవచ్చు, ఎందుకంటే ధరించేవారే ఆ అర్థంతో ధరిస్తున్నారు. క్లాడాలోని పాత గడ్డి కప్పుల ఇళ్లను 1930లలో కూల్చివేశారు, ఉంగరం మాత్రం మిగిలింది.

అల్లిక ముడికి బదులు, ఐర్లండ్ క్రైస్తవ సన్యాసిని సెయింట్ బ్రిజిడ్ పేరిట అల్లే శిలువను పరిశీలించండి. జనవరి 31 రాత్రి, నీటి ఒడ్డున పెరిగే తుంగను పీకి తెచ్చి, ఇంటిల్లిపాదీ కూర్చొని దాన్ని అల్లుతారు. నడుమ చతురస్రం, నాలుగు వైపులకూ నాలుగు చేతులు ఉండే రూపం ఎక్కువగా కనిపిస్తుంది. ఇల్లు అగ్నిప్రమాదం పాలు కాకుండా కాపాడుతుందన్న నమ్మకంతో గుమ్మం పైనో, కప్పు కిందనో పెడతారు. బ్రిజిడ్ పండుగకు 2023 నుంచి ఐర్లండ్‌లో ప్రభుత్వ సెలవు కూడా వచ్చింది. పైగా పుస్తకం చదివే పిల్లలు పొడవాటి గడ్డిపరకలతో తామే చేసుకోగలిగినది మీ ఐదు చిహ్నాల్లో అదొక్కటే, కనుక వీలైతే అల్లే క్రమాన్ని నాలుగు చిన్న బొమ్మల్లో చూపండి.